బండ మీద నిర్మాత, గొడుగు మీద సుక్కి

సినిమాలో మొదటి రెండు మూడు నిమిషాలు ఎవరూ చూడరు. సీటు వెతుక్కోవడం, పిల్లాడి ముక్కు తుడవడం, ముందు కూర్చున్నవాడిని తల దించమనడం, ఇలాంటి పనులన్నీ జనం ఆ కాసేపట్లోనే పెట్టుకుంటారు. నేను నా జీవితమంతా ఆ రెండు మూడు నిమిషాల మీదే బతికాను. సినిమాలకు టైటిల్స్ రాసేవాణ్ణి.

మొన్నామధ్య మా మేనకోడలి కూతురు టైటిల్ డిజైన్ నేర్చుకుంటున్నానంటూ వచ్చి, మీ రోజుల్లో ఎలా చేసేవారు తాతయ్యా అని అడిగింది. దానికోసం, దానిలాంటి వాళ్ళకోసం ఇది రాస్తున్నాను. అవార్డుల సంగతి రాయను, నాకు రాలేదు కనుక. రంగులు, కుంచెల సంగతి కూడా పెద్దగా రాయను, మీరు వాటిని ముట్టుకోరు కనుక. మనుషుల సంగతి రాస్తాను. వాళ్ళు మాత్రం ఏమీ మారలేదు.

పేద సినిమాకు పేద అక్షరాలు

మాది కొంటా, బస్తర్‌లో ఆంధ్ర సరిహద్దు పక్కనున్న ఊరు. అప్పటికి ఛత్తీస్‌గఢ్ లేదు, మా కష్టసుఖాలన్నీ భోపాల్‌కు చెప్పుకోవలసి వచ్చేది. చెప్పుకునే వాళ్ళమూ కాదు, అది వేరే సంగతి. మా నాన్నకు బజారులో కొట్టు ఉండేది. ఉప్పు, కిరసనాయిలు, తువ్వాళ్ళు, గొడుగులు అమ్మేవాడు. ఆ కొట్టు బోర్డు తెలుగులోనూ హిందీలోనూ నేనే రాశాను. చూసినవాళ్ళు బాగుందన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని హైదరాబాదు వెళ్ళిపోయాను.

మామూలు సినిమాల్లో పేర్లు మంటల్లోంచి వచ్చేవి, ఉరుములతో పడేవి. హీరో పేరు వచ్చినప్పుడు హాలు కప్పు ఎగిరిపోవాలి. నల్ల అట్టమీద తెల్లరంగుతో అక్షరాలు రాసి ఇస్తే, మిగతా హంగామా కెమెరావాళ్ళు చూసుకునేవారు. ఆ పని నాకు బాగానే వచ్చింది. ఇంతలో వాస్తవిక సినిమాలు మొదలయ్యాయి.

వాటిలో సంగీతం ఉండదు. ఎవరో నడుస్తుంటారు. చాలాసేపు నడుస్తుంటారు. మధ్యలో ఒకరు దగ్గుతారు, ఒక కుక్క మొరుగుతుంది. పేర్లేమో తెర మూలన సిగ్గుపడుతూ నిలబడతాయి. మొదటిసారి అలాంటి సినిమాకు నేను రాసిన అక్షరాలు చూసి డైరెక్టరు మొహం చిట్లించాడు. ఇంత నున్నగా ఉంటే ఎలాగండీ, ఇది పేదవాళ్ళ సినిమా, అక్షరాలు కూడా కాస్త పేదగా ఉండాలన్నాడు. వంకరగా రాయమన్నాడు. తిన్నగా రాయడానికి ఏళ్ళు పట్టిన నేను, ఒక్క పూటలో వంకరగా రాయడం నేర్చుకున్నాను. ఆ సినిమా చూసి వచ్చిన మా నాన్న నన్ను పక్కకు పిలిచాడు.

"ఇన్నేండ్లు పట్నంల ఉండి, ఇంకా చెయ్యి తిరగలేదార?" అన్నాడు, చాలా దిగులుగా.

మీకు పనికొచ్చే మాట ఒకటి చెప్పాలంటే ఇదే: పేరు తెరమీద ఎంతసేపు ఉండాలో డైరెక్టరును అడగకండి. కూడబలుక్కుని చదివేవాళ్ళను ఒకరిని కూర్చోబెట్టి, వాళ్ళ పెదాలు ఆగేదాకా ఉంచండి. నేను మా నాన్న పెదాలు చూసేవాణ్ణి.

ఇంకో మాట. ఈ సినిమాల్లో ఒక అట్ట తప్పకుండా ఉండేది. అందరి పేర్లూ అయిపోయాక, "మరియు గ్రామస్థులు" అని. టీ కాచినవాడికి పేరుండేది, జీపు తోలినవాడికి పేరుండేది, జీపు ఇచ్చినవాడికి కృతజ్ఞతలుండేవి. ఎవరి కథ అని చెప్పి సినిమా తీశారో వాళ్ళు మాత్రం మరియులో ఉండేవాళ్ళు. ఆ అట్ట రాయడమంటే నాకు ఒళ్ళు మండేది. అయినా రాసేవాణ్ణి, అడిగేవాళ్ళు లేరు కనుక. తర్వాత అడిగే మనిషి వచ్చింది.

బచేలిలో రైలు వెళ్ళిపోయింది

ప్రభాకరం గారని ఒక డైరెక్టరు. మంచి చదువు, మంచి మనసు, ఎండలో కూడా మెడకు మఫ్లరు. బీడీలకు తునికాకు కోసే ఒక తల్లి కథ తీయాలని మా కొంటా వైపు వచ్చాడు. నాది అదే ఊరని తెలిసి వెంట తీసుకొచ్చాడు. టైటిల్స్ రాయడానికి ఒకడు, మాట కలపడానికి ఒకడు అక్కర్లేకుండా ఒకడితోనే సరిపోతుందని నిర్మాత లెక్క.

ప్రభాకరం గారికి టైటిల్స్ అంటే పిచ్చి. అట్టల మీద పేర్లు వద్దు, ఈ నేల మీదనే పేర్లు కనబడాలి అన్నాడు. ముందుగా అందరం ఇనుప గనులున్న బచేలి వెళ్ళాం. ఇనుపరాయి నింపుకుని వెళ్ళే గూడ్సు పెట్టెల మీద సుద్దతో పేర్లు రాయాలి, రైలు కదులుతుంటే ఒక్కో పేరూ కెమెరా ముందునుంచి వెళ్ళాలి. ఆలోచన బ్రహ్మాండంగా ఉంది. ఎవరినో బతిమాలి ఒప్పించుకుని, పొద్దున్నుంచీ చెమటలు కక్కుతూ పెట్టె పెట్టెకూ ఒక పేరు రాశాను.

కెమెరా సిద్ధమైంది. ప్రభాకరం గారు ఆకాశం చూసి, ఎండ ఇంకాస్త వాలాలి అన్నాడు. మేము ఎండకోసం చూస్తున్నాం. రైలుకు ఎండతో పనిలేదు. కూత పెట్టి కదిలింది. కెమెరా మీద గుడ్డ తీసేలోపు కెమెరామన్ పేరు, సంగీతం లేని సినిమాకు సంగీత దర్శకుడి పేరు, డైరెక్టరు పేరు, అన్నీ మా ముందునుంచే విశాఖపట్నం వెళ్ళిపోయాయి.

"ఆపండి!" అని ప్రభాకరం గారు రైలు వెంట కొంచెం దూరం పరుగెత్తాడు. వాస్తవికత అంటే ఏమిటో ఆయనకు ఆ రోజు కొద్దిగా అర్థమైందనుకున్నాను. కాలేదని తర్వాత తెలిసింది.

బండలు

బచేలి నుంచి తిరిగొస్తుంటే రోడ్డు పక్కన నిలబెట్టిన బండలు ఆయన కంట పడ్డాయి. మావైపు ఊళ్ళలో పెద్దవాళ్ళు పోతే, ఇంటివాళ్ళు దారి పక్కన పలకబండ ఒకటి నిలబెడతారు. దానిమీద పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ రంగుల్లో వేస్తారు. ఎడ్లు, కోళ్ళు, సైకిలు, ఆ మనిషికి ఏముంటే అది. దారిన పోయేవాళ్ళు ఆగి కాస్త పొగాకో, ఆకుదొప్పలో పోసిన ఇప్పసారానో పెట్టి వెళ్తారు.

ప్రభాకరం గారు జీపు ఆపించాడు. చాలాసేపు చూశాడు. మన టైటిల్స్ ఇవే అన్నాడు.

"అవి పోయినోళ్ళవి సార్" అన్నాను.

"అదే కావాలయ్యా. మనమంతా ఒక విధంగా పోయినవాళ్ళమే. మన వర్గం, మన సినిమా... ప్రతీక!" అన్నాడు. ప్రతీక అన్న మాట పడ్డాక ఇక ఎవరూ మాట్లాడకూడదు. ఇది కూడా ఈ వృత్తిలో నేర్చుకోవలసిందే.

ఊరివాళ్ళ బండలు ముట్టుకోలేదు, అంతవరకు నయం. కొత్త బండలు తెప్పించి, మేము సినిమా తీస్తున్న ఊరి బయట మలుపు దగ్గర వరసగా పాతించారు. ఒక్కోదాని మీద ఒక పేరు, పేరు కింద ఆ మనిషి పనిని చెప్పే బొమ్మ. ఎడిటర్‌కు కత్తెర. కెమెరామన్‌కు కెమెరా, దాని వెనక ఆయన పొట్ట. నిర్మాత శేషగిరి గారికి ఏం వేయాలో తెలియక కారు, కారు పక్కన తెల్ల పంచెలో ఆయన్నీ వేశాను. మీసం బాగా కుదిరింది.

ఆ సినిమాలో తల్లి వేషం వేసింది మడకం సుక్కి. దోర్ల తెగ మనిషి. ఎండాకాలం తునికాకు కోస్తుంది, మిగతా రోజుల్లో పొలం పని. ఇంట్లో దోర్లి, మా కొట్లో తెలుగు, ఫారెస్టువాళ్ళతో హిందీ మాట్లాడేది. ముగ్గురినీ మూడు భాషల్లో తిట్టగలదు. నాకంటే కాస్త పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ణి. వేషం వేయడానికి ఒప్పుకునేముందే నన్ను పక్కకు పిలిచి, సినిమాలో పేర్లు వస్తాయట గదా, నాదెక్కడ అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక, మరియు గ్రామస్థులు అని వస్తుందక్కా అన్నాను.

"ఊరోళ్ళంటే ఎవరు? ఊరంత కలిసి ఏడుస్తదా సినిమాల? ఏడ్చేది నేను. నా పేరు లేదా నాకు?" అంది.

ఆ మాట ప్రభాకరం గారి దగ్గరికి మోసుకెళ్ళాను. మంచి మనసని చెప్పాను కదా, సుక్కి పేరు వేస్తానని ఆమె చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు. ఆమె దానికోసమే ఎండలో ఎన్నిసార్లు నడవమంటే అన్నిసార్లు నడిచింది. ఇప్పుడు మాట నిలబెట్టుకుందామని ఆమె పేరుకు కూడా ఒక బండ పాతించాడు. సుక్కి వచ్చి ఆ ఖాళీ బండను చూసింది. నా చేతిలో కుంచెను చూసింది.

"తమ్మీ, నేను నీకేం చెడు చేసిననయ్యా?" అంది. "బతికున్న మనిషికి బండ పెడ్తరా?"

ప్రభాకరం గారు ప్రతీక గురించి చెప్పబోయాడు. ఆమె వినలేదు. పేరు కావాలి, బండ మీద వద్దు. అంతే అని ఇంటికి వెళ్ళిపోయింది. సినిమా మొదలయ్యేదే ఆమె నడకతో. ఆమె రాకపోతే టైటిల్స్ లేవు.

దినం భోజనం

మర్నాడు పొద్దున్నే శేషగిరి గారు కోస్తా నుంచి కారులో దిగాడు. ఈయన సంగతి చెప్పాలి. కొబ్బరికాయ కొట్టనిదే టీ తాగడు. తుమ్ము వినబడితే షూటింగ్ ఆపేస్తాడు. రాహుకాలంలో చెక్కు మీద సంతకం చేయడు, మిగతా కాలంలోనూ అంత తొందరగా చేయడు. అలాంటి మనిషి నేరుగా మలుపు దగ్గరికి వచ్చి, వరసగా నిలబడ్డ బండల్లో మధ్యదాని మీద తన పేరు, తన కారు, తన మీసం చూశాడు. బండ ముందు దొప్పలో ఇప్పసారా. పక్కన పొగాకు. ఎవరో దారినపోయే ముసలామె ఆగి, మర్యాదకు నాలుగు కన్నీళ్ళు కారుస్తోంది.

ఆమె తలెత్తి చూసింది. బండమీది మీసం, ఎదురుగా ఉన్న మీసం ఒకటేనని తెలిసిపోయింది. పొగాకు మళ్ళీ ఒడిలో వేసుకుని గబగబా వెళ్ళిపోయింది. శేషగిరి గారు అక్కడే కూలబడ్డాడు.

నీళ్ళు చల్లి లేపితే ఒకటే మాట. "తీయించండి! ఇప్పుడే తీయించండి!"

అప్పుడే ఊరి పటేలు సోడి ముత్తయ్య వచ్చాడు. వెనక ఊరు ఊరంతా వచ్చింది. ముత్తయ్య ఒక్కో బండా నింపాదిగా చూసుకుంటూ నడిచాడు. కెమెరా బొమ్మ దగ్గర ఆగి, పక్కనే టీ తాగుతున్న కెమెరామన్ పొట్ట చూశాడు. తల ఊపాడు.

"తీసుడు కుదరదు సాబ్" అన్నాడు. "బండ పెట్టుడు మీ ఇష్టం. తీసుడు మాత్రం మీ చేతిల లేదు. బండ పెట్టినంక ఊరికి అన్నం పెట్టాలె. పెట్టకుంటే ఆ బండ మనిషి సుఖంగుండడు. రాత్రిళ్ళు తిరుగుతడు."

"నేను బతికే ఉన్నాను కదయ్యా!" అన్నాడు శేషగిరి గారు.

"ఔ, గదే జెప్తున్న. ఇప్పుడే తిరుగుతున్నవ్ గద."

మధ్యాహ్నానికి పంది వచ్చింది, బియ్యం బస్తాలు వచ్చాయి, డోలు వచ్చింది. శేషగిరి గారు తన దినానికి తానే విస్తళ్ళు వేయించాడు. భయం కొద్దీ స్వయంగా వడ్డించాడు కూడా. పెద్దవాళ్ళు తిని, ఆయన మంచితనం గురించి నాలుగు మాటలు చెప్పారు, పోయినవాళ్ళ గురించి చెప్పే పద్ధతిలోనే. చాలా ఉదారంగా ఉండేవాడట. ఆ "ఉండేవాడు" విన్నప్పుడల్లా ఆయన పంచె సర్దుకున్నాడు.

నేను విస్తరి ముందు ముత్తయ్య పక్కన కూర్చుని, ఈ ఆచారం నేనెప్పుడూ వినలేదే పటేలా అని మెల్లగా అడిగాను.

"మేం గూడ వినలే" అన్నాడు ముత్తయ్య, ఎముక చప్పరిస్తూ. "బతికినోళ్ళు బండ పెట్టుకునుడు ఈడ ఎన్నడన్న ఉన్నదా? కొత్త పని చేసిన్రు, కొత్త రూలు పెట్టినం."

భోజనాలయ్యాక శేషగిరి గారికి ధైర్యం వచ్చింది. ఎలాగూ దినం అయిపోయింది, బండలు ఉండనీయండి, ఇంత ఖర్చయ్యాక తీయడమెందుకు అన్నాడు. ఒక్క విషయంలో మాత్రం మొండికేశాడు. అంత పెద్దవాణ్ణి నేనే బండ మీద ఉంటే, ఆ సుక్కికి ఏమైంది? ఉంటే బండ మీద ఉండమనండి, లేకపోతే గ్రామస్థుల్లో కలిపేయండి అన్నాడు. ప్రభాకరం గారు మఫ్లరు సవరించుకుని ఊరుకున్నాడు. ఆయన మంచి మనసు నిర్మాత ముందు ఎప్పుడూ అలాగే ఊరుకునేది.

గొడుగు

మర్నాడు సుక్కి వచ్చింది. వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఎండ చుర్రుమంటోంది, నల్లగొడుగు వేసుకుని వచ్చింది. మా నాన్న కొట్లో కొన్న గొడుగే, కర్రపిడి చూసి గుర్తుపట్టాను. మావైపు బజారుకెళ్ళే ఏ ఆడమనిషి చేతిలోనైనా ఉంటుంది అది, ఎండైనా వానైనా.

"గొడుగు తీసెయ్యమ్మా" అన్నాడు ప్రభాకరం గారు. "అడవిలో ఆకు కోసుకునే తల్లి చేతిలో గొడుగేమిటి? వాస్తవికంగా ఉండదు."

"నా ఆకు పైసలతోని కొనుక్కున్న సారు. ఇందుల అబద్దమేమున్నది?" అంది సుక్కి. తర్వాత నా వైపు తిరిగింది. "తమ్మీ, నీ డబ్బల తెల్లరంగు ఉన్నదా?"

"ఉందక్కా."

గొడుగు కర్ర భుజానికి ఆనించి, నాకు వీపు చూపించి నిలబడింది. "దీనిమీద వెయ్. నేను పోతుంటే నాతోని రావాలె నా పేరు. ఆడనే పాతిపెడితే ఎట్ల?"

నల్లటి గుడ్డ, తెల్లటి రంగు. ఇన్నేళ్ళూ నేను రాసిన టైటిల్ అట్టలన్నీ నల్లవే, అక్షరాలన్నీ తెల్లవే. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎవరి అనుమతీ అడక్కుండా రాయడం మొదలుపెట్టాను. శేషగిరి గారు అరుస్తున్నాడు. గొడుగు మీద పేరేమిటి, నా పేరు కంటే పెద్దగా ఉందేమిటి అని. ప్రభాకరం గారు నన్ను ఆపలేదు, రాయమని కూడా అనలేదు. కెమెరాలో కన్ను పెట్టి, సుక్కిని నడవమన్నాడు.

సుక్కి నడిచింది. ఎడిటర్ బండ దాటింది, కెమెరామన్ బండ దాటింది, నిర్మాత బండ దగ్గర కాస్త ఆగి మర్యాదగా చూసి మళ్ళీ నడిచింది. భుజం మీద గొడుగు, గొడుగు మీద "మడకం సుక్కి". డైరెక్టరు బండ దాటాక ఒకసారి గొడుగు గిర్రున తిప్పింది. అది ఆమెకెవరూ చెప్పలేదు.

ప్రభాకరం గారు కెమెరాలోంచి తల తీశాడు. తర్వాత, నేను మొదటినుంచీ ఇదే అనుకుంటున్నాను అన్నాడు. మీకు చెప్పవలసింది ఇదే: షాటు బాగా వస్తే ఆలోచన డైరెక్టరుది, రాకపోతే టైటిల్స్ రాసినవాడిది. ఈ సంగతి తెలుసుకుంటే మీ రక్తపోటు అదుపులో ఉంటుంది.

సినిమా కొంటాలో ఆడింది. మొదటి నిమిషాల్లో ఎవరూ సీటు వెతుక్కోలేదు. శేషగిరి గారి బండ రాగానే భోజనం చేసినవాళ్ళందరూ గొల్లుమన్నారు. గొడుగు గిర్రున తిరిగినప్పుడు ఈలలు. నేను తెర చూడలేదు, జనం పెదాలు చూశాను. కూడబలుక్కుని మడకం సుక్కి, మడకం సుక్కి అంటున్నాయి. ఇంతకంటే పెద్ద అవార్డు ఏముంటుందో నాకు తెలియదు. తర్వాత పట్నంలో ఒక విమర్శకుడు ఆ నల్లగొడుగు వలస పాలనకు ప్రతీక అని రాశాడు. మా నాన్నకు చదివి వినిపించాను. మన కొట్లోదని జెప్పకపోయినవా అన్నాడు.

వాన వచ్చినప్పుడల్లా

ఆ గొడుగు సుక్కి దగ్గరే ఉండిపోయింది. బజారులో చదువొచ్చినవాళ్ళు ఎవరు కనబడ్డా ఆపి, ఇది ఏందో చదువయ్యా అని అడిగేది. తన పేరు వాళ్ళ నోట వినడం ఆమెకు అంత ఇష్టం. వానలకు రంగు వెలిసేది, గుడ్డ చిరిగేది. కొత్త గుడ్డ వేయించి, నేను ఊరికి వచ్చానని తెలియగానే పట్టుకుని వచ్చేది. నా జీవితంలో ఎక్కువసార్లు రాసిన టైటిల్ అదే.

శేషగిరి గారు చాలా ఏళ్ళు హాయిగా బతికాడు. దినం ముందే పెట్టుకున్నాడు కనుక పైన కూడా లెక్క సరిపోయిందనుకున్నారేమో. ప్రభాకరం గారు మొన్న పోయారు. వార్త విని రెండు రోజులు నాకేమీ తోచలేదు. మఫ్లరు మనిషి, నాకు ఎంత ఇష్టమో అప్పుడే తెలిసింది.

ఆ వారమే బజారునాడు సుక్కి మా కొంటా ఇంటికి వచ్చింది. నడుము వంగింది, నోరు వంగలేదు. చంకలో గొడుగు.

"డైరెక్టరు సాబ్ పోయిండట గద" అంది గడపలో కూర్చుంటూ.

"అవునక్కా."

"మంచోడే పాపం. అప్పుడే తొందరపడి బండ పెట్టుకున్నడు." తర్వాత గొడుగు విప్పి నా ముందు పెట్టింది. "రంగు పోయింది తమ్మీ. దిద్దు. జర లావుగ వెయ్, నాకే కనబడ్తలే."

రంగు డబ్బా వెతికి మూత తీశాను. నా చెయ్యి ఇప్పుడు వణుకుతుంది, అందుకే పని మానేసి ఊరికి వచ్చేశాను. ఆమెకు ఆ మాట చెప్పబుద్ధి కాలేదు. ఊపిరి బిగబట్టి రాశాను. అయినా మకారం ఒక పక్కకు ఒరిగింది, సకారం ఇంకో పక్కకు. ఒకప్పుడు డైరెక్టర్లు బతిమాలి రాయించుకున్న వంకర ఇప్పుడు అడక్కుండానే వచ్చింది. ప్రభాకరం గారు చూస్తే నెత్తిన పెట్టుకునేవాడు.

సుక్కి గొడుగు ఎత్తి, తల అటూ ఇటూ వంచి చూసింది. చదవడం రాదు గానీ ఇన్నేళ్ళలో ఆ అక్షరాల ఆకారం ఆమెకు కొట్టిన పిండి.

"ఏంది తమ్మీ, వంకర పోయింది?"

"చెయ్యి ఆగుతలేదక్కా. చెరిపి మళ్ళ వేస్తా."

"వద్దు, ఉండనియ్" అంది. లేచి నిలబడి, నీడలోనే గొడుగు భుజానికి ఆనించుకుంది. "వంకరున్నా ఏంగాదు. బండ మీద లేదు గద."

గుమ్మం దిగి బజారులోకి నడిచింది. మలుపు దగ్గర ఒకసారి గొడుగు గిర్రున తిప్పింది. రంగు ఇంకా ఆరలేదని అరిచాను, వినిపించుకోలేదు.